లేని గడ్డ

చెయ్యి భుజం ఎత్తుకి వచ్చేసరికి ఆగిపోతోంది. నీలవేణి దువ్వెన పట్టుకుని మరోసారి ప్రయత్నించింది. చంకలోంచి రొమ్ము కిందిదాకా ఎవరో దారం పోసి లాగినట్టయింది. దువ్వెన ఒళ్లో పడిపోయింది.

"ఎందుకే నీకా తొందర? నేనొస్తన్నాను కదా" అంటూ తాయారు తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. ఆ రెండు గదుల వాటాలో అప్పచెల్లెళ్లిద్దరే ఉంటారు. ఆమదాలవలస స్టేషనుకి వెనక వీధి అది. గూడ్సు బండి వెళ్తే గోడకి వేలాడే అద్దం సన్నగా వణుకుతుంది.

తాయారు ముందు తలుపు గడియ వేసింది. తరవాత చెల్లెలి జాకెట్టు హుక్కులు విప్పి, మద్రాసు డాక్టరు వేసిన వెడల్పాటి సాగే కట్టుని చుట్టు చుట్టుగా తియ్యసాగింది. ఆఖరి చుట్టు ఊడే వేళ నీలవేణి ఎప్పుడూ గోడకేసి చూస్తుంది. లోపల పెట్టినవి జారి పడతాయేమోనని భయం. ఏవీ జారవు. రొమ్ములు రెండూ ఎత్తుగా, బిగుసుకుపోయి, చర్మం నిగనిగలాడుతూ అలాగే ఉంటాయి. ఎడమది కుడిదానికన్నా కాస్త పైకి ఉంది. కింద మడతలో కుట్లు తీసినచోట ఎర్రటి గీత. పక్కలంట కమిలిన నలుపు విరిగి పసుపులోకి దిగుతోంది.

"వాపు తగ్గిందే."

"ఎడమది?"

"దిగుతాదన్నాడు కదా. నెలలు పడతాదన్నాడు. నీకేమో రోజుల్లో అయిపోవాలి." తాయారు దూదితో స్పిరిటు అద్దింది. "మండుతోందా?"

"లేదు."

మండకపోవడమే నీలవేణికి భయం. అప్ప వేలు చనుమొనకి రాసుకుపోయినా ఎవరి ఒంటినో ముట్టుకున్నట్టుంటోంది. ఉన్నట్టుండి లోపల్నించి సూదిపోటులా ఒకటి పొడిచి మాయమవుతుంది. పడుకుంటే గుండెలమీద సన్నికల్లు పెట్టినట్టు బరువు. పక్కకి తిరగడానికి లేదు. మూడు తలగడలు వెనక పెట్టుకుని, కూచున్నట్టే పడుకుంటోంది. తగ్గుతుంది, అన్నీ మామూలే అని డాక్టరు చెప్పాడు. ఏది మామూలో ఏది కాదో అడగడానికి ఇక్కడ ఎవరున్నారు?

బయట గడియ చప్పుడయింది. తాయారు గబగబా కట్టు చుట్టేసి, పవిట కప్పి, తలుపు తీసింది.

గుమ్మంలో జగ్గమ్మ. ఎదురింటి మనిషి, రైసుమిల్లులో ఉప్పుడు ధాన్యం ఆరబోసే పని. పాదాల పగుళ్లలో ఊక ఎప్పుడూ ఉంటుంది. కొంగుచివర మూట కట్టిన రెండు గుడ్లని జాగ్రత్తగా విప్పి తాయారు చేతిలో పెట్టింది.

"ఓలమ్మా, లేవకే తల్లీ, లేవకు. నాటుకోడి గుడ్లు. ఉడకెట్టి ఎట్టు, తాయారమ్మా. పుండు బేగి మాన్తాది."

"ఎందుకు జగ్గమ్మా ఇవన్నీ" అంది తాయారు.

"ఎందుకేటి? గెడ్డ కోయించుకొని సావు తప్పించుకొచ్చిన గుంట. మనవు సూడకపోతే ఎవులు సూస్తారు?"

నీలవేణి కళ్లు దించుకుంది.

రైలు దిగిన రోజు వీధి కొళాయి దగ్గర తాయారు అల్లిన మాట అది. రొమ్ములో గడ్డ లేచిందని, మద్రాసు తీసుకెళ్లి కోయించామని. తమలాంటి నాటకాల వాళ్లని అరుగు మీద కూచోనివ్వని ఇళ్లనించి కొబ్బరి బొండాలొచ్చాయి. బార్లీ జావ వచ్చింది. పక్కింటి కూర్మమ్మ గారు చెయ్యి పట్టుకుని, శ్రీకూర్మం స్వామికి మొక్కుకున్నానంది. ప్రతి గ్లాసూ నీలవేణి రెండు చేతులా అందుకునేది. తాగేది.

ఆ మధ్యాహ్నం తాయారు గుడ్లు ఉడకబెట్టి పెంకు ఒలిచి పెట్టింది. నీలవేణి రెండూ తినేసింది. ఆకలిగా ఉంది మరి.

*

నరసింగరావు సాయంకాలం వచ్చాడు. పద్యనాటకాల కంట్రాక్టరు. చెప్పులు విప్పకుండానే లోపలికొచ్చి కుర్చీలో కూచుని, ఇస్త్రీ మడత నలక్కుండా పంచె సర్దుకున్నాడు.

"పాతపట్నం జాతరకి నీ పేరు వేసేశాను. నోటీసులు అచ్చయిపోయాయి."

"చెయ్యి లేవడం లేదండి" అంది నీలవేణి. "డాక్టరు ఇంకా కొన్నాళ్లు ఆగమన్నాడు. ఊపిరి గట్టిగా తీస్తే పట్టేస్తోంది. పద్యం ఎత్తుకుంటే..."

"పద్యం ఎవడు వింటాడమ్మా అక్కడ?" అని నవ్వాడు. "ఏదీ, ఒకసారి లేచి నిలబడు."

నీలవేణి తాయారు వైపు చూసింది. తాయారు గుమ్మంలోకి చూస్తోంది. నీలవేణి గోడ ఊతంగా లేచి నిలబడింది. సంతలో ఎద్దుని చూసినట్టు అతను తల ఒక పక్కకి వంచి చూశాడు. సంతోషించాడు.

"పోయిన్సారి పాతపట్నంలో కర్రకి చీర కట్టేరని అరిచారు కదా. ఇప్పుడు అరవమను" అన్నాడు లేస్తూ.

ఆ అరుపు, దాని వెనకే జనమంతా గొల్లుమన్న నవ్వు, ఆ నవ్వులో కొట్టుకుపోయిన పద్యం, మూడూ నీలవేణికి ఇప్పటికీ వినిపిస్తాయి. మద్రాసు మాట మొదట అన్నది నరసింగరావే. కాని రైలెక్కింది తనే. వద్దని తాయారు ఏడుస్తుంటే, చేతిసంచీ ముందుగా బండిలోకి విసిరింది కూడా తనే. నెపం అతనిమీద పెడదామని చూసినప్పుడల్లా ఆ సంచీ అడ్డం వస్తుంది.

*

తాయారు బజారుకెళ్లిన వేళ చూసి జగ్గమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి తలుపు తనే దగ్గరగా వేసింది. కింద కూచుని, గోళ్లలో ఇరుక్కున్న తవుడు ఒక్కొక్క గోరే తీసుకుంది.

"నీలమ్మా, నిన్నొకటి అడుగుతాను. నీకు మొదల ఎంతుండీది, కాయ?"

నీలవేణి కట్టు మీదికి పవిట లాక్కుంది.

"సింతపిక్కంతుండీదా?"

నీలవేణి తలూపింది.

"నాకూ అంతే ఉండీది. ఇప్పుడు ఉసిరికాయంతయినాది. నొప్పినేదు. అందుకే ఊరుకున్నాను." జగ్గమ్మ జాకెట్టు ముడి విప్పి, నీలవేణి వేళ్లు పట్టుకుని తన ఎడమ రొమ్ము మీద పెట్టుకుంది. "ఎవులికీ సెప్పనేదు. మా ఇంటాయనికీ తెల్దు. సూడు."

వేళ్ల కింద మెత్తటి ఒళ్లు, దాని లోపల రాయి. పక్కకి కదలని రాయి. దాని మీద చర్మం నిమ్మతొక్కలా గుంటలు గుంటలుగా ఉంది. నీలవేణి చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయింది.

"నీది సూపించు తల్లీ. ఎలాగ కోసినారో సూస్తాను."

నీలవేణి జాకెట్టు హుక్కులు విప్పింది. కట్టు కాస్త పైకి జరిపింది. జగ్గమ్మ మోకాళ్ల మీద ముందుకొచ్చి, ఊపిరి తగిలేంత దగ్గరగా ఆ ఎర్రటి గీతని చూసింది. తరవాత పైకి చూసింది. ఆమె మొహంలో ఏదో విడిపోయింది.

"ఇంతేనా! ఓలమ్మ, ఏటీ తియ్యనేదే! నిండుగా ఉన్నాదే!" నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "అంతా కోసి పారేస్తారని సెప్పినారు మా ఊర్లో. ఆ బయానికే ఇన్నాళ్లూ నోరిప్పనేదు. కాయొక్కటీ తీసి కుట్టేస్తారన్నమాట. ఎన్నాళ్లకి గంప ఎత్తొచ్చే?"

"నెల... నెలన్నర."

"మరయితే తొందరేటి? మిల్లు పని జోరుగున్నాది. ఉగాది ఎల్లినాక ఎల్తాను."

"అలా కాదు జగ్గమ్మా, తొందరగా వెళ్లు. రేపే వెళ్లు."

"నిన్ను సూసేక నాకు బయం పోనాది. రెండు నెల్లకేటయిపోతాది?" జాకెట్టు ముడి వేసుకుని లేచింది. వెళ్తూ వెళ్తూ నీలవేణి తలమీద చెయ్యి వేసి నిమిరింది.

*

"చెప్పేస్తాను" అంది నీలవేణి, తాయారు రాగానే.

తాయారు సంచీలోని వంకాయలు నేలమీద పోసి, పుచ్చులు చూస్తూ అంతా విన్నది.

"ఏటని చెప్తావు? లేని గడ్డ కథ చెప్పేమనా? మగాళ్లు చూడ్డానికి రబ్బరు సంచులు పెట్టించుకున్నాననా? ఈ వీధిలో మనల్ని అమ్మా అని పిలవడం ఇదే మొదలు. రేపట్నించి మళ్లీ ఎలా పిలుస్తారో నీకు తెలుసు."

"ఆమెది రాయిలా ఉంది అప్పా."

"తొందరగా వెళ్లమని గట్టిగా చెప్పు. చాలదా?"

"చెప్పేను. నన్ను చూసి భయం పోయిందంటోంది."

తాయారు చేతిలో వంకాయని అటూ ఇటూ తిప్పింది. "నాకు నీ బాగే కావాలి" అంది చివరికి, చాలా చిన్నగా. "తప్పయితే నాదే. కొళాయి దగ్గర ఆ మాట పుట్టించింది నేను."

"నేను దానికి తలూపేను" అంది నీలవేణి.

మర్నాడు ఉదయం ఆమె ఇల్లు కదిలింది. రిక్షా ఎక్కితే కుదుపుకి లోపల పీకుతుందని, చేతులు రెండూ పొట్టమీద కట్టుకుని నడిచింది. మిల్లు వెనక సిమెంటు కళ్లం మీద ఉడికిన ధాన్యం పరిచి ఉంది. పొగలాంటి ఆవిరి లేస్తోంది. పుల్లటి వాసన. జగ్గమ్మ చీర మోకాలిదాకా ఎగ్గట్టి, పాదాలు ఈడుస్తూ ధాన్యంలో చాళ్లు తీస్తోంది. మిగతా ఆడవాళ్లు దూరంగా ఆ కొసన ఉన్నారు.

"ఎందుకొచ్చినావే ఎండలోన? పద, నీడకి పద."

"జగ్గమ్మా, నాకు గడ్డ లేదు."

"తీసేసినారు కదే. మరి నేదు."

"ఎప్పుడూ లేదు. రోగం లేదు. రొమ్ములు పెద్దవి చేయించుకున్నాను. కోసి, లోపల సంచుల్లాంటివి పెట్టి కుట్టేరు. నువ్వు చూసింది ఆ గాటే. గడ్డ ఉన్నవాళ్లకి ఏం చేస్తారో నాకు తెలీదు. అంతా తీసేస్తారేమో. కాని ఉగాదిదాకా ఆగకు."

జగ్గమ్మ పాదాలు ఆగిపోయాయి. నీలవేణి గుండెలవైపు చూసి, మొహంలోకి చూసి, మళ్లీ గుండెలవైపు చూసింది.

"రోగం నేకండా కత్తి కిందకి ఎల్లినావా?"

"వెళ్లేను."

"దేనికి?"

"నాటకంలో నవ్వేరు."

ఎక్కడో మిల్లు బెల్టు టపటపలాడుతోంది. జగ్గమ్మ వంగి ఒక గింజ తీసి, పంటికింద కొరికి చూసి ఉమ్మేసింది. ఇంకా పచ్చిగా ఉంది. మళ్లీ చాలు తియ్యడం మొదలెట్టింది. ఆ చివరిదాకా వెళ్లి, తిరిగి వచ్చింది.

"నా గుడ్లు తిన్నావు" అంది.

"తిన్నాను" అంది నీలవేణి.

"నలుగురికి పాలిచ్చినాను దీన్తోటి. ఉంటాదని నిన్న సంబరపడిపోనాను. రేతిరి కడుపునిండా బువ్వ తిన్నాను." ఆమె గొంతు పెరగలేదు. "ఎల్లు. నా ఎదర నిలబడకు, ఎల్లు."

*

ఆ సాయంకాలమే వీధికంతా తెలిసిపోతుందనుకుంది నీలవేణి. కొళాయి దగ్గర బిందెల చప్పుడు వినిపిస్తే ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించేది. ఏమీ జరగలేదు. కూర్మమ్మ గారు ప్రసాదం పంపించారు. నీలవేణి దాన్ని కళ్లకద్దుకుని తాయారుకిచ్చేసింది. జగ్గమ్మ ఎదురింట్లోంచి తెల్లారగట్ల పనికి వెళ్తోంది, పొద్దుగూకి వస్తోంది. ఇటు చూడడం లేదు.

గాటు దురదపెట్టడం మొదలయింది. గోకకూడదు. మానే పుండుకి దురద మంచిదేనని తాయారు అంది. చెయ్యి ఇప్పుడు చెవిదాకా వస్తోంది. ఒళ్లు బాగుపడుతోంది. బాగుపడుతున్న కొద్దీ నీలవేణికి దానిమీద కోపం వచ్చేది. వేళ్ల చివర ఆ రాయి ఇంకా తగుల్తున్నట్టే ఉండేది. అన్నం కలుపుతుంటే తగిలేది. జగ్గమ్మ ఆసుపత్రికి వెళ్లడం మానేస్తే? అసలు వెళ్లకపోతే? నిజం చెప్పకుండా ఉంటే ఉగాదికైనా వెళ్లేదేమో. అబద్ధంతో చేసిన తప్పు ఒకటి, నిజంతో చేసిన తప్పు ఇంకొకటి అనిపించి, అన్నం ముందునించి లేచిపోయేది.

పాతపట్నం వెళ్లాల్సిన రోజు వచ్చింది. తాయారు ట్రంకు పెట్టెలో పట్టుచీరలు సర్దుతోంది. తలుపు నెట్టుకుని జగ్గమ్మ వచ్చింది. ఉతికిన చీర కట్టింది. చేతిలో గుడ్డసంచీ. పాదాలు తోముకుంది, పగుళ్లు తెల్లగా కనిపిస్తున్నాయి.

"విశాపట్నం పాసింజరెన్నింటికి?" అంది, నీలవేణిని చూడకుండా తాయారుని.

తాయారు చెప్పింది.

"మా ఇంటాయనికి రాత్రి సెప్పినాను. ఏడిసినాడు. ఆసుపత్రంటే ఆ మనిషికి కాళ్లాడవు. పనికిరాడు." ఇప్పుడు నీలవేణి వైపు తిరిగింది. "నువ్వు రా."

"నేనా?"

"కళ్లంలోన తిరుగుతా అదే అనుకున్నాను. ఏ రోగవూ నేకండా, నవ్వినారని ఎల్లి పడుకున్నాది ఈ గుంట. బతికొచ్చినాది. నాకు రోగవున్నాది, నలుగురు పిల్లలున్నారు, నానెందుకెల్లకూడదూ అని. నీమీద కోపం తీరిపోనాదనుకోకు. తీరనేదు. కాని కత్తి కిందకి ఎల్లినోల్లలోన నాకు నువ్వొక్కద్దానివే తెలుసు."

"వీధిలో ఎవరికీ చెప్పలేదేం?" అని తాయారు ఉండబట్టలేక అడిగింది.

"మీది సెప్తే నాదీ సెప్పాల" అంది జగ్గమ్మ.

తాయారు చేతిలోని పట్టుచీర వైపు చూసింది, చెల్లెలి వైపు చూసింది. నరసింగరావు కారు గంటలో వస్తుంది. నీలవేణి అప్పుడే కొంగు భుజంచుట్టూ కప్పుకుంటోంది.

"అతను వస్తే ఏటి చెప్పమంటావే?"

"జబ్బుమనిషితో వెళ్లేనని చెప్పు."

"జాతరకి ఇంకెవర్నో ఎక్కించేస్తాడు. మళ్లీ పిలవడు."

"పిలవకపోతే పోనీ" అనబోయింది నీలవేణి. అనలేకపోయింది. దాని కోసమే కదా ఇంత చేయించుకుంది. "తెలుసు" అని మాత్రం అంది.

రైల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూచున్నారు. విజయనగరంలో బండి చాలాసేపు ఆగింది. జగ్గమ్మ వేరుశెనక్కాయలు కొని ఒలిచి, సగం నీలవేణి ఒళ్లో పోసింది. తినమని చెప్పలేదు.

*

పెద్దాసుపత్రిలో చూసి చేర్చుకున్నారు. పెద్ద డాక్టరు నొక్కి చూశాడు, చంకలో చూశాడు, చెయ్యెత్తించాడు. రొమ్ము మొత్తం తీసెయ్యాలన్నాడు. మెత్తగానే చెప్పాడు. ఇంకొన్నాళ్లు ఆగి వచ్చుంటే తను చెయ్యగలిగింది పెద్దగా ఉండేది కాదని, ఇప్పుడైతే ప్రయత్నం చెయ్యచ్చని అన్నాడు. జగ్గమ్మ అన్నిటికీ తలూపి, కాగితం మీద వేలిముద్ర వేసింది.

ఆపరేషను రోజు పొద్దున్న వార్డు వరండాలో బల్లమీద ఇద్దరూ కూచున్నారు. దూరంగా సముద్రం మీంచి గాలొస్తోంది. జగ్గమ్మకి ఆసుపత్రి తెల్లచీర కట్టారు. తలకి గుడ్డ చుట్టారు. పుస్తెలతాడు విప్పి నీలవేణి చేతికిచ్చింది.

"ఇప్పుడు సెప్పు. లేసినాక ఎలాగుంటాది? ఈసారి అబద్దవాడకు."

"దాహం వేస్తుంది" అంది నీలవేణి. "నీళ్లడిగితే ఇవ్వరు. తడిగుడ్డతో పెదాలు అద్దుతారు. వాంతి వచ్చినట్టుంటుంది, వస్తే వచ్చేస్తుంది, భయపడకు."

"ఊఁ."

"గుండెలమీద బండ పెట్టినట్టుంటుంది. ఊపిరి కొంచెం కొంచెంగా తియ్యి. దగ్గొస్తే చేత్తో అదిమిపట్టుకో. చెయ్యి కదపలేవు. నా చెయ్యి కూడా పోయిందనే అనుకున్నాను. పోలేదు. రోజూ కొంచెం కొంచెం లేస్తుంది. నీకు నాకన్నా ఎక్కువ రోజులు పట్టచ్చు, అది నాకు తెలీదు."

"ఇంకా?"

"కమిలిపోతుంది. నలుపు, తరవాత పచ్చ, తరవాత పసుపు. మూడోరోజో నాలుగోరోజో ఊరికే ఏడుపొస్తుంది. నొప్పిక్కాదు. ఎందుకో తెలీదు. నాకొచ్చింది. అది ఎవరూ ముందు చెప్పలేదు నాకు."

జగ్గమ్మ పెదాలు కదుపుతూ ఒక్కొక్కటీ లోపల అనుకుంటోంది. తరవాత అడిగింది: "కట్టు ఇప్పినాక సూసుకున్నావు కదా. ఏటనిపించినాది?"

నీలవేణి పుస్తెలతాడుని వేళ్లకి చుట్టుకుంది. ఇది తాయారుకీ చెప్పలేదు.

"నావి కాదనిపించింది" అంది. "కత్తి కిందకి పోయినదెవరో, దాని కోసం వెతుక్కున్నాను. ఇప్పటికీ ముట్టుకుంటే తెలీదు జగ్గమ్మా. అప్పుడున్నవాటికి తెలిసేది. నవ్వులపాలయినవే, కాని తెలిసేది. చేతులారా పోగొట్టుకున్నాను. నువ్వేమో ఉంచుకుందామని ఏడుస్తున్నావు. నీ పక్కన కూచోడానికే నాకు సిగ్గుగా ఉంది."

జగ్గమ్మ తలకి చుట్టిన గుడ్డ బిగించుకుంది. ఓదార్చలేదు. తిట్టలేదు. లోపల్నించి నర్సు పేరు పిలిచింది. జగ్గమ్మ లేచి, తెల్లచీర కుచ్చిళ్లు పొలంలోకి దిగబోతున్నట్టు ఎత్తి దోపుకుంది.

"నీకు ఎవులూ ముందు సెప్పనేదు, నువ్వు నాకు సెప్పినావు" అంది. "నాకేటనిపిస్తాదో నాను లేసినాక నీకు సెప్తాను. ఇక్కడే ఉండు."

తలుపులు రెండూ ఊగి మూసుకున్నాయి. నీలవేణి బల్లమీద కూచుని ఉండిపోయింది.